చేబదులు, జీతం, చెల్లు: ఇంటి వ్యాపారంలో మూడు మాటలు

పిల్లలూ, మనందరికీ పుట్టుకతోనే తెలిసిన మాట ఒకటుంది: బదిలీ. దానికి దగ్గరి చుట్టమైన మాట 'బదులు'. రెండూ అరబ్బీ 'బదల్' నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చాయి. బదల్ అంటే మార్పు, మారకం. మనిషి ఒక ఊరి నుంచి మరో ఊరికి మారితే బదిలీ. డబ్బు ఒక చేతి నుంచి మరో చేతికి మారితే చేబదులు. కాగితం లేకుండా, ఎక్కువసార్లు వడ్డీ కూడా లేకుండా, నమ్మకం మీద తీసుకునే డబ్బు అది.

ఈ పాఠంలో అలాంటి డబ్బు మాటలు కొన్ని నేర్చుకుందాం. అవి కేవలం మాటలు కావు. వాటి అర్థం సరిగా తెలియక విడిపోయిన కుటుంబాలు ఉన్నాయి.

మనం ఉంటున్న బస్తర్‌లో ఫిబ్రవరి నుంచి మే దాకా ఎటు చూసినా చింతపండే. అడవి పల్లెల్లో ఏరిన కాయ వారపు సంతకు వస్తుంది. అక్కడ కోచియాలనే చిన్న వ్యాపారులు కొంటారు. వారి నుంచి జగదల్‌పూర్ మండీకి చేరుతుంది. ఆసియాలోకెల్లా పెద్ద చింతపండు మార్కెట్ అని ఈ మండీకి పేరు. ఇక్కడి పండు లారీలెక్కి ఆంధ్ర, తెలంగాణలకు పోతుంది. మన అమ్మమ్మల పులుసు కుండల్లో బస్తర్ పులుపు చాలానే ఉంది.

ఇంత పండు కళ్ళముందు ఉన్నప్పుడు, ఇంట్లో ఎవరికో ఒకరికి ఆలోచన వస్తుంది: "గింజ తీసి, శుభ్రం చేసి, కిలో పొట్లాలు కట్టి అమ్మితే?" ఒక ఇల్లు అలా మొదలుపెట్టిందని ఊహించుకుందాం. (ప్రభుత్వ ఉద్యోగి తాను వ్యాపారం చేయకూడదు. కుటుంబంలో ఎవరైనా చేస్తే ఆ సంగతి కార్యాలయానికి తెలపాలి. ఇది నియమం.) అమ్మ చేతిలో 20,000 రూపాయలున్నాయి. పెద్దనాన్న 25,000 ఇచ్చారు. అత్తయ్య 15,000 ఇచ్చింది. మొత్తం 60,000. పొట్లాలను కొట్లకూ కాలనీలకూ తిప్పి అమ్మడానికి ఒక అబ్బాయిని పెట్టుకున్నారు.

అప్పా, వాటానా?

మొదటి ప్రశ్న ఇదే. పెద్దనాన్న డబ్బు, అత్తయ్య డబ్బు ఒకటేనా?

అప్పు అయితే వ్యాపారం లాభపడినా నష్టపడినా అసలు తిరిగి ఇవ్వాలి. వడ్డీ మాట అనుకుంటే వడ్డీ కూడా ఇవ్వాలి. వాటా అయితే లాభంలో పంచాలి. నష్టం వస్తే వాటాదారు కూడా భరించాలి. పెద్దనాన్నది నూటికి రూపాయి వడ్డీకి అప్పు అనుకుందాం. తెలుగు ఊళ్ళలో 'నూటికి రూపాయి' అంటే నెలకు అని అర్థం. బ్యాంకు భాషలో అది ఏడాదికి 12 శాతం. తక్కువ వడ్డీని మనవాళ్ళు ధర్మవడ్డీ అంటారు. 25,000 మీద నెలకు 250 రూపాయలు. అత్తయ్యది వాటా అనుకుందాం. అమ్మ 20,000, అత్తయ్య 15,000 కలిపి 35,000. కాబట్టి ఏడాది చివర మిగిలిన లాభంలో అత్తయ్యది ఏడు వంతుల్లో మూడు వంతులు. అమ్మ పనికి జీతం లెక్కకట్టాలా వద్దా అన్నది కూడా ముందే అనుకోవాలి.

ఇదంతా డబ్బు ఇచ్చిన రోజే చెప్పుకోవాలి. తరువాత చెప్పుకుంటే, వ్యాపారం బాగుంటే ఇచ్చినవారు "నాది వాటా" అంటారు. బాగోకపోతే "నాది అప్పు" అంటారు. ఎవరూ అబద్ధం ఆడరు. ఎవరికి అనుకూలంగా వారికి గుర్తుంటుంది.

కాగితం మీద లాభం, పెట్టెలో డబ్బు

తూకం, సీలింగ్ మిషన్‌లకు 20,000 అయింది. మిగిలిన 40,000తో 400 పొట్లాలు తయారయ్యాయి. ఒక్కోటి 150 రూపాయలకు అమ్మితే 60,000. అబ్బాయికి పొట్లానికి 15 రూపాయల కమీషన్ అనుకున్నారు. అంటే 6,000. వడ్డీ 250. అప్పుడు కాగితం మీద మిగులు 13,750 రూపాయలు. ఇల్లంతా సంతోషం.

కాని పెట్టె తెరిచి చూడండి. 300 పొట్లాలకే నగదు వచ్చింది, 45,000. మిగిలిన 100 పొట్లాలను కొట్లవాళ్ళు అరువు పెట్టారు. చింతపండు సీజన్ పోకముందే మళ్ళీ సరుకు కొనాలి. దానికి 40,000 పక్కన పెట్టాలి. ఇక ఉన్నది 5,000. కమీషనే 6,000! పెద్దనాన్న వడ్డీ సంగతి సరేసరి.

ఇప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలి? చాలా ఇళ్ళలో వచ్చే జవాబు: "ఆ అబ్బాయి ఎక్కడికి పోతాడు, వచ్చే నెల చూద్దాం." మరికొన్ని ఇళ్ళలో: "పెద్దనాన్నే కదా, ఏమీ అనుకోరు." రెండూ తప్పే.

'జీతం' అనే మాట 'జీవితం' నుంచి వచ్చింది. పాత తెలుగులో జీవితం అంటే బతుకుతెరువు కూడా. ఎండలో తిరిగి అమ్మినవాడు ఆ డబ్బుతోనే ఈ నెల బియ్యం కొంటాడు. పెద్దనాన్న మనకు డబ్బు అప్పుగా ఇచ్చారు. అబ్బాయి మనకు అప్పు ఇవ్వలేదు. అతని కూలి ఆపితే, అడగకుండానే అతని దగ్గర అప్పు తీసుకున్నట్టు. అందుకే అమ్మినవాడి డబ్బు ముందు. వడ్డీ ఆ తరువాత. అసలు వాయిదా ఆపైన. లాభం పంపకం చిట్టచివర.

చట్టం చెప్పేదీ ఇదే దారి. వేతనాల కోడ్, 2019 ప్రకారం నెల జీతం తరువాతి నెల 7వ తేదీ లోపల ఇవ్వాలి.

మరి పెట్టెలో లేని డబ్బు ఎలా ఇస్తాం? ఒప్పందంలోనే మార్గం ఉంది. కమీషన్ అమ్మకం మీదనా, వసూలు మీదనా అన్నది మొదటి రోజే తేల్చాలి. వసూలు మీద అనుకుంటే ఈ నెల 300 పొట్లాలకు 4,500. వడ్డీ 250. పెట్టెలో ఇంకా 250 మిగులుతుంది. కొట్ల బాకీ వచ్చిన రోజున అబ్బాయికి మిగతా 1,500. అందరికీ న్యాయం జరిగింది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. అరువు ఇమ్మని చెప్పింది యజమాని అయితే, వసూలు కాలేదని అబ్బాయి కమీషన్ ఆపడం న్యాయమా? కాదు. అందుకే చాలామంది కొంత స్థిరమైన జీతం, దానిపైన కమీషన్ ఇస్తారు. ఏ పద్ధతైనా సరే, నెల గడిచాక మార్చకూడదు.

రుచి చూపించే సరుకు ఖర్చు కూడా అమ్మేవాడి మీద వేయకూడదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు, సంగీత సభల్లో దాన్ని ఉచితంగా పంచిపెట్టారు. ఆ ఉచితం వ్యాపారం భరించాల్సిన ఖర్చు. ఆ సంపాదన నుంచే తరువాత 1908లో ఆంధ్రపత్రిక వచ్చింది.

చెల్లు

'చెల్లు' అందమైన తెలుగు మాట. చెల్లించడం, చెల్లుబాటు కావడం, చెల్లని నాణెం, చెల్లుకు చెల్లు అన్నీ దాని పిల్లలే. అప్పు కాగితాన్ని మనవాళ్ళు నోటు అంటారు. కొంత డబ్బు కట్టినప్పుడు ఆ నోటు వెనక తేదీ, మొత్తం రాసి సంతకం పెడతారు. అదే చెల్లు వేయడం. దానికి చట్టంలో విలువ ఉంది. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం సాధారణంగా మూడేళ్ళు దాటితే అప్పు కోసం కోర్టుకు వెళ్ళలేరు. దాన్నే నోటుకు కాలదోషం పట్టడం అంటారు. గడువులోపల అప్పు తీసుకున్నవారు కొంత కట్టి, స్వయంగా రాసి సంతకం పెడితే గడువు మళ్ళీ కొత్తగా మొదలవుతుంది.

"సొంత అన్నయ్య దగ్గర నోటు రాయించుకుంటారా?" అని పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. మా ఇంట్లోనూ అలాగే అనుకున్నారు. మా బాబాయి చిన్న ఏజెన్సీ పెడతానంటే నాన్నగారు 18,000 రూపాయలు ఇచ్చారు. ఎక్కడా రాయలేదు. బాబాయి దగ్గర సైకిల్ మీద సరుకు అమ్మే అబ్బాయికి మూడు నెలలు డబ్బు అందలేదు. అతను మానేశాడు. అతనితోపాటు కొట్ల ఖాతాలూ పోయాయి, వ్యాపారమూ పోయింది. ఒక పెళ్ళిలో నాన్నగారు డబ్బు మాట ఎత్తారు. అది వాటా అనుకున్నానని బాబాయి అన్నారు. ఆ తరువాత ఆరేళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. పోయింది 18,000 కాదు. ఆరు సంక్రాంతులు.

కాగితం అపనమ్మకానికి గుర్తు అనుకుంటాం గాని, అడగాల్సిన బాధ నుంచి అది తప్పిస్తుంది. డబ్బు అడిగితే చిన్నబుచ్చినట్టు, అడగకపోతే వదులుకున్నట్టు. తేదీ రాసి ఉంటే తేదీయే అడుగుతుంది. మన ఊళ్ళలో డ్వాక్రా సంఘాలను చూడండి. తోడికోడళ్ళు, వదినా మరదళ్ళు ఒకే సంఘంలో ఉంటారు. ఒకరి పొదుపు ఇంకొకరికి అప్పుగా పోతుంది. అయినా ప్రతి రూపాయి అందరి ఎదుటా పుస్తకంలో ఎక్కుతుంది. ఎవరూ నొచ్చుకోరు.

మన ఉదాహరణకు తిరిగి వద్దాం. పెద్దనాన్న 25,000 ఎలా తీర్చాలి? సరుకు కొనే మార్చి, ఏప్రిల్ నెలల్లో వాయిదా పెట్టుకుంటే కట్టలేరు. అమ్మకం సాగే నెలల్లో, నెలకు 2,500 చొప్పున పది వాయిదాలు పెట్టుకుంటే నయం. అసలు తగ్గిన కొద్దీ వడ్డీ తగ్గుతుంది. ఒక నెల కట్టలేకపోతే తేదీకి ముందే ఫోన్ చేసి చెప్పాలి. ఆ ఫోన్‌కు ఖర్చు లేదు, విలువ మాత్రం చాలా ఉంది.

చివరిగా, మనకే తెలిసిన సంగతి. బదిలీ ఉత్తర్వు రాగానే నాన్నగారో అమ్మగారో కార్యాలయంలో 'నో డ్యూస్' కాగితం మీద సంతకాలు చేయించుకుంటారు. లైబ్రరీ పుస్తకం మొదలు క్వార్టర్ తాళం దాకా అన్నీ అప్పజెప్పాకే రిలీవ్ చేస్తారు. ఇంటి వ్యాపారానికి ఆ కాగితం ఎవరూ ఇవ్వరు. సామాను లారీ ఎక్కే ముందు మనమే ఆ అబ్బాయిని పిలిచి, పుస్తకం తెరిచి, "నీకు మా దగ్గర ఇంకేమైనా బాకీ ఉందా?" అని అడగాలి. లేదని అతను చెప్పాకే మనం రిలీవ్ అయినట్టు.

అభ్యాసం

1. చేబదులు, అప్పు, అరువు, బాకీ: ఒక్కో మాటతో సొంత వాక్యం రాయండి.
2. 'నూటికి రెండు రూపాయలు' వడ్డీ ఏడాదికి ఎంత శాతం?
3. పై లెక్కలో 350 పొట్లాలకు నగదు వచ్చి ఉంటే, అమ్మకం మీద 6,000 కమీషన్, వడ్డీ ఇచ్చాక పెట్టెలో ఎంత మిగిలేది?
4. మీ ఇంట్లో పెద్దవారిని అడగండి: వారు చేసిన చేబదుళ్ళలో వారికి ఎక్కువగా గుర్తున్నది ఏది? అది ఎలా చెల్లింది? పది వాక్యాల్లో రాయండి.