సామాజిక మాధ్యమాలు – మన పాలమూరు
2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచాయి. 2016 వరకు మన జిల్లాలోనే ఉన్న గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, డప్పులతో, పాటలతో జనానికి నిజం చెప్పించారు. ఫోనులో పుట్టిన పుకారుకు చివరకు డప్పే మందయింది! ఆ జులైలోనే వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి 5 చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది.

వ్యాపారానికి మేలే. నారాయణపేట నేతన్న చీర ఫోటో పెట్టి నేరుగా అమ్ముకోవచ్చు.

ఇక ఉద్యోగాలు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. నోటిఫికేషన్ నిజమో కాదో అడుగుదామంటే తెలిసినవారు లేరు. అందుకే గ్రూపులో వచ్చిన గ్రూప్స్ ప్రకటనను టీజీపీఎస్సీ వెబ్‌సైటులో నంబరుతో సరిచూసుకుంటాను. ‘డబ్బు కట్టండి, ఉద్యోగం ఖాయం’ అని ఉంటే ఆ శ్రమ కూడా అక్కరలేదు.