పాల్ రాబ్సన్

పాల్ రాబ్సన్ 1898వ సంవత్సరమున అమెరికాలోని ప్రిన్స్‌టన్ పట్టణమున జన్మించెను. ఆయన తండ్రి బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చి మతాచార్యుడైన నల్లజాతివాడు. రాబ్సన్ న్యాయశాస్త్రమున పట్టము పొందెను. కాని వర్ణవివక్షవలన ఆ వృత్తిని విడిచి నటుడును గాయకుడును అయ్యెను. వేల్సు దేశపు గనికార్మికుల కథయగు 'ది ప్రౌడ్ వ్యాలీ' (1940) చిత్రమున, తోడివారికై ప్రాణమర్పించిన కార్మికుని పాత్రను ధరించెను.

వర్ణవివక్షను ఖండించుచు, సోవియట్ దేశమును మెచ్చుచు ఆయన చేసిన ప్రసంగములకు ఆగ్రహించి, 1950లో అమెరికా ప్రభుత్వము ఆయన పాస్‌పోర్టును రద్దుచేసెను. ఆయన తన మాటను మార్చుకొనలేదు. 1957లో న్యూయార్కునుండి టెలిఫోనులో పాడగా, మహాసముద్రమున కావల వేల్సు కార్మికులు వేలకొలది గుమిగూడి ఆ గంభీరస్వరమును వినిరి. మరుసటి యేట సుప్రీంకోర్టు తీర్పువలన పాస్‌పోర్టు తిరిగి లభించెను. అంతట ఆయన వేల్సునకేగి, వారి యెదుటనే నిలిచి పాడెను. 1976లో ఆ ధీరుడు గతించెను.