ప్రశ్నించడం నేర్పిన ఉపాధ్యాయిని: నెహామా లైబోవిత్స్

యూదుల జీవనంలో ధర్మగ్రంథ పఠనానికి విశిష్టమైన స్థానం ఉన్నది. మన దేశంలో కొచ్చిన్‌లో శతాబ్దాల తరబడి నివసించిన యూదులు సైతం ఈ సంప్రదాయాన్ని నిష్ఠతో కాపాడుకున్నారు. మోషే పంచకాండములకు తోరా అని పేరు. దానిని భాగాలుగా విభజించి, వారానికొక భాగం చొప్పున ఏడాదిలో పూర్తిచేసి, మళ్ళీ మొదటినుంచి ఆరంభించడం వారి ఆచారం. ఏటేటా అదే గ్రంథాన్ని చదివేవారికి చదువు వల్లెవేతగా మారే ప్రమాదం లేకపోలేదు. ఆ ప్రమాదాన్ని గుర్తించి, తరాల ఉపాధ్యాయులకు చదివే తీరునే నేర్పిన విదుషీమణి నెహామా లైబోవిత్స్.

ఆమె 1905లో, నాటి రష్యా సామ్రాజ్యంలోని రీగా నగరంలో జన్మించారు. 1919లో కుటుంబం బెర్లిన్‌కు తరలివెళ్ళింది. శాస్త్రజ్ఞుడుగా, తత్త్వవేత్తగా ప్రసిద్ధికెక్కిన యెషయాహు లైబోవిత్స్ ఆమె అన్నగారు. 1930లో మార్బుర్గ్ విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరేటు ప్రదానం చేసింది. పరిశోధనాంశం 15, 16 శతాబ్దాలనాటి యూదు-జర్మన్ బైబిలు అనువాదాల పద్ధతి. అనువాదకుడు ప్రతి పదం ముందు ఆగి ఆలోచించక తప్పదు. ఆ అలవాటు ఆమె బోధనలో కడదాకా నిలిచింది. ఆ సంవత్సరమే ఆమె జెరూసలేము చేరి, అక్కడి మహిళా ఉపాధ్యాయ శిక్షణ విద్యాలయంలో సుమారు పాతికేళ్ళు బోధించారు.

1942లో, ఆమె వద్ద కొంతకాలం చదువుకొని సమష్టి వ్యవసాయ క్షేత్రాలకు మరలిపోయిన మహిళలు, తమ చదువు ఆగిపోకుండా చూడమని కోరారు. ఆ వారపు పఠన భాగంపై కొన్ని ప్రశ్నలు రాసి ఆమె వారికి పంపారు. ఈ విధంగా మొదలైన ప్రశ్నాపత్రాలు 1971 వరకు కొనసాగాయి. ఉపాధ్యాయులు, రైతులు, సైనికులు, గృహిణులు జవాబులు రాసి టపాలో పంపేవారు. ఆమె ప్రతి జవాబును స్వయంగా చదివి, ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపేవారు. కఠినమైన ప్రశ్నకు ఒక గుర్తు, మరింత కఠినమైన దానికి రెండు గుర్తులు వేయడం ఆమె పద్ధతి. పరీక్ష లేదు, పట్టా లేదు. అయినా వేలాదిమంది రాశారు.

ఆ ప్రశ్నల స్వభావం తెలియడానికి ఆదికాండము 24వ అధ్యాయం మంచి ఉదాహరణ. అబ్రాహాము తన కుమారుడు ఇస్సాకుకు వధువును వెదకడానికి సేవకుణ్ణి పంపుతాడు. బావి వద్ద రిబ్కా అతనికి, అతని ఒంటెలకు నీరు తోడి పోస్తుంది. సేవకుడు మొదట ఆభరణాలిచ్చి, ఆ పిమ్మట ఆమె ఎవరి కుమార్తె అని అడుగుతాడు. కాని ఆమె ఇంటివారికి జరిగినది వివరించేటప్పుడు, ముందు అడిగి తరువాతనే నగలు ఇచ్చినట్లు చెబుతాడు. మామూలు పాఠకుడు ఇది పునరుక్తి అనుకొని దాటిపోతాడు. ఇటువంటి చోట్ల రెండు కథనాలను పక్కపక్కన పెట్టి, తేడాలు మీరే కనిపెట్టండి అనడం నెహామా పద్ధతి.

ఫ్రాన్సుకు చెందిన మహావ్యాఖ్యాత రాషీ (1040–1105) ఇందుకు కారణం చెప్పారు. ఎవరో తెలియకుండానే నగలు ఎట్లా ఇచ్చావని ఇంటివారు నిలదీయకుండా, సంబంధం మాట్లాడవచ్చినవాడు లౌక్యంగా క్రమం మార్చాడట. విద్యార్థి ఈ వ్యాఖ్యను అప్పగిస్తే ఆమెకు తృప్తి కలిగేది కాదు. మూలంలో ఏ చిక్కు కనబడి రాషీ ఈ మాట రాయవలసి వచ్చింది? మరొక వ్యాఖ్యాత ఎందుకు విభేదించాడు? మూలంలోని ఏ పదం ఎవరికి బలమిస్తున్నది? ఈ విధంగా విద్యార్థి వ్యాఖ్యాతల చర్చలో తానూ పాల్గొనేవాడు.

ఆమె స్వయంగా ఆచారపరాయణురాలు. అయినప్పటికీ తన విశ్వాసాలతో ఏకీభవించని ఆధునిక పండితుల వ్యాఖ్యలను కూడా పాఠంలో చేర్చేవారు. దీనిని కొందరు మతపెద్దలు ఆక్షేపించారు. మాటలో సత్యమున్నప్పుడు, అది ఎవరి నోట వచ్చినా స్వీకరించదగినదేనని ఆమె నిశ్చయం. పురుషులకే పరిమితమనుకున్న శాస్త్రపఠన రంగంలో ఒక మహిళ పురుషులకు సైతం ఆచార్యత్వం వహించడం కూడా అప్పట్లో అపూర్వమే.

1956లో ఇజ్రాయెల్ పురస్కారం లభించింది. 1968లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు హోదా వచ్చింది. ఆమె గ్రంథాలు ఇంగ్లీషులోకి, మరికొన్ని భాషలలోకి అనువాదమయ్యాయి. అయినా బిరుదులతో పిలిస్తే ఆమె అంగీకరించేవారు కారు, అందరికీ నెహామాయే. 1997 ఏప్రిల్ 12న జెరూసలేములో కన్నుమూశారు. ఆమె కోరిక మేరకు సమాధి ఫలకంపై పేరుతోపాటు ‘మోరా’ అనే బిరుదు ఒక్కటే చెక్కారు. హీబ్రూలో ఆ మాటకు అర్థం ఉపాధ్యాయిని.

వ్యాఖ్యాన సంప్రదాయం మన దేశానికీ కొత్తది కాదు. ప్రాచీన గ్రంథాలను శ్రద్ధతో భద్రపరచుకున్న జాతి, వాటిని ప్రశ్నించి చదివే శక్తిని పిల్లలకు అందించకపోతే గ్రంథాలు మిగులుతాయి గాని విద్య మిగలదు. పాఠం ముగించే ముందు విద్యార్థి చేత ఒక్క మంచి ప్రశ్న అడిగించగలిగిన ఉపాధ్యాయుడు నెహామా బాటలో నడిచినట్లే.