నడుస్తున్న ప్రోగ్రాముకు కొత్త తెర

సంక్రాంతినాడు మేడమీద గాలిపటం ఎగరేస్తున్నారు. కిందనుంచి అమ్మ భోజనానికి పిలిచింది. దారం వదిలేస్తే గాలిపటం పోతుంది. అప్పుడేం చేస్తారు? దారాన్ని పిట్టగోడ చువ్వకు కట్టి వెళతారు. తిరిగివచ్చి విప్పి పట్టుకుంటారు. కంప్యూటరులో నడిచే ప్రోగ్రాములకూ ఇలాంటి చిక్కే వస్తుంది. దాన్ని ఎలా తీర్చారో చూద్దాం.

ఫోను పెట్టేస్తే ఏమవుతుంది?

కంప్యూటరును నడిపించే 'యూనిక్స్' వ్యవస్థను 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఒకే కంప్యూటరును చాలామంది పంచుకొనేవారు. ఆజ్ఞలు టైపు చేయడానికి మీటలు, జవాబులు చూడడానికి కాగితమో తెరో ఉండే పరికరం ఒక్కొక్కరి ముందు ఉండేది. దానినే టెర్మినల్ అంటారు. దూరాన ఉన్నవారు టెలిఫోను తీగ ద్వారా కంప్యూటరుతో కలిసేవారు.

మధ్యలో ఫోను పెట్టేస్తే, ఆ టెర్మినల్‌తో ముడిపడిన ప్రోగ్రాములకు ఒక సంకేతం అందేది. దాని పేరు 'హ్యాంగప్'. అంటే ఫోను పెట్టేయడం అన్నమాట. వేరే ఏర్పాటు లేకపోతే, ఆ సంకేతం అందగానే ప్రోగ్రాము ఆగిపోతుంది. జవాబు చూసేవారు లేనప్పుడు లెక్క చేయడమెందుకు అన్నది దీని వెనక ఉన్న ఆలోచన.

ఇప్పుడు టెర్మినల్ అంటే తెరమీద ఒక కిటికీ మాత్రమే. నియమం మాత్రం పాతదే. ఆరు గంటలు పట్టే లెక్కను దూరపు కంప్యూటరులో నడుపుతున్నారనుకోండి. ఐదో గంటలో మీ కిటికీ మూసుకుపోతే శ్రమంతా వృథా!

మధ్యవర్తి

దీనికి 1987లో ఒక ఉపాయం వచ్చింది. ఆలివర్ లౌమన్, కార్స్టెన్ బోర్మన్ అనేవారు 'స్క్రీన్' అనే ప్రోగ్రామును తయారుచేశారు. ఇదే మన పిట్టగోడ చువ్వ. ఇది దూరపు కంప్యూటరులోనే ఉండి, ఒక ఉత్తుత్తి టెర్మినల్‌ను సృష్టిస్తుంది. మన ప్రోగ్రాము దాన్నే నిజమైన టెర్మినల్ అనుకుంటుంది. మన కిటికీ మూసుకుపోయినా ఉత్తుత్తి టెర్మినల్ చెక్కుచెదరదు. కనుక ప్రోగ్రాముకు హ్యాంగప్ సంకేతం అందదు. మరో ఊరినుంచి, మరో కంప్యూటరునుంచి వచ్చి కూడా దాన్ని మన తెరకు కలుపుకోవచ్చు. 2007లో వచ్చిన 'టీమక్స్' కూడా ఇలాగే పనిచేస్తుంది.

ముందుగా కట్టడం మరచిపోతే?

దానికీ దారి ఉంది. 2011లో నెల్సన్ ఎల్హేజ్ లైనక్స్ కోసం 'రెప్టైర్' రాశాడు. ప్రతి ప్రోగ్రాముకూ టెర్మినల్‌తో మూడు దారులుంటాయి. ఒకటి ఆజ్ఞలు రావడానికి, ఒకటి ఫలితాలు పోవడానికి, ఒకటి తప్పులు తెలపడానికి. రెప్టైర్ ప్రోగ్రామును క్షణంసేపు నిలిపి, ఈ మూడింటినీ కొత్త టెర్మినల్‌కు మళ్లిస్తుంది. అప్పటిదాకా చేసిన లెక్క అలాగే ఉంటుంది. ఎగిరే గాలిపటం దారాన్ని మరొకరి చేతికి అందించడం లాంటిదే ఇది. అయితే ప్రోగ్రాము బతికి ఉండగానే ఈ పని చేయాలి. ఆగిపోయినదాన్ని రెప్టైర్ తిరిగి లేపలేదు.

ఒక హెచ్చరిక. దూరపు కంప్యూటరుకే కరెంటు పోతే ఏ ఉపాయమూ పనిచేయదు. చువ్వే విరిగితే దారం నిలుస్తుందా? అందుకే పెద్ద లెక్కలు చేసేవారు ఫలితాలను మధ్యమధ్యలో డిస్కులో దాచుకుంటారు.

చేసి చూడండి

స్క్రీన్ ఉన్న లైనక్స్ కంప్యూటరు దొరికితే, టెర్మినల్‌లో 'స్క్రీన్' అని చిన్న ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేసి ఎంటర్ నొక్కండి. పలకరింపు వాక్యాలు కనిపిస్తే స్పేస్ మీట నొక్కండి. తరువాత 'పింగ్ లోకల్‌హోస్ట్' అని ఇవ్వండి. సెకనుకొకటి చొప్పున వరుస అంకెలతో వాక్యాలు వస్తాయి. అంకె 20 దగ్గర ఉండగా కంట్రోల్ మీటతో 'ఏ' నొక్కి, రెండూ వదిలి 'డి' నొక్కండి. కిటికీ మూసేయండి. రెండు నిమిషాల తరువాత కొత్త కిటికీ తెరచి 'స్క్రీన్', ఒక ఖాళీ, అడ్డుగీత, 'ఆర్' టైపు చేయండి. అంకె ఎంత దగ్గర ఉంటుందో ముందే లెక్కగట్టి, సరిపోయిందో లేదో చూసుకోండి!