ముందు డ్యూటెరాన్ సంగతి చూడు

చిన్నా,

పీహెచ్‌డీకి కృష్ణ పదార్థం తీసుకుంటానన్నావు. అందులోనూ ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుని జంటకట్టే కణాల మీద పనిచేస్తానన్నావు. సంతోషం. కానీ ఆ రంగంలో కొత్త కణాన్ని ఊహించడం మరీ తేలిక, ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టేసుకోవచ్చు. అందుకే మొదట్లో కొత్త మోడళ్ల జోలికి పోకు. న్యూట్రాన్, ప్రోటాన్‌ల జంటైన డ్యూటెరాన్ పట్టుకో.

ఎందుకంటావా? కృష్ణ పదార్థపు కణాలు తమలో తాము ఢీకొంటాయేమోనని 2000లో స్పెర్గెల్, స్టైన్‌హార్ట్ అన్నారు. చిన్న గెలాక్సీల నడుమ కృష్ణ పదార్థం సిమ్యులేషన్లు చెప్పినంత గుట్టగా పేరుకుని కనిపించకపోవడమే అందుకు మూలం. ఆ తేడా సర్దుకోవాలంటే గ్రాముకు దాదాపు 1 చదరపు సెంటీమీటరు క్రాస్ సెక్షన్ కావాలి. ఒకదాన్నొకటి ఢీకొన్న గెలాక్సీ గుంపులు, అదే బుల్లెట్ క్లస్టర్ కూడా అంతకు మించి పెద్దగా ఒప్పుకోదు. దాన్ని ప్రోటానంత బరువున్న కణానికి మార్చి చూడు, సుమారు 1.7 బార్న్‌లు. నెమ్మదిగా వచ్చే న్యూట్రాన్ ప్రోటాన్‌ని తాకితే 20 బార్న్‌లు. మనం తిరుగుతున్నది న్యూక్లియర్ ఫిజిక్స్ పెరట్లోనే!

ఇప్పుడు కాగితం తీసుకో. స్పిన్‌లు ఒకే వైపున్న న్యూట్రాన్, ప్రోటాన్‌ల స్కాటరింగ్ లెంగ్త్ 5.4 ఫెర్మీలు. దాంతో, వాటి బరువులతో బంధన శక్తి కట్టు. 1.4 ఎంఈవీ వస్తుంది. ప్రయోగం చెప్పేది 2.2. బలం తీరుతెన్నులేవీ తెలియకుండానే ఇంత దగ్గరికొచ్చాం, చూశావా! ఆ బలం ఎంత దూరం పనిచేస్తుందో కూడా కలిపితే మిగతా తేడా చాలావరకు పూడుతుంది. పది లక్షల రెట్లు పెద్దదైన హీలియం పరమాణువుల జంటకూ ఇదే సూత్రం. బొటాబొటిగా అతుక్కున్న జంటకు లోపలి వివరాలు అంతగా పట్టవు. 2013లో లాహా, బ్రాటెన్ కృష్ణ పదార్థానికి వాడుకున్నది ఈ సంగతినే.

అలాంటి కృష్ణ పదార్థపు జంట డిటెక్టర్‌లోని కేంద్రకాన్ని తాకితే జంటగానే పక్కకు మళ్లొచ్చు, లేదా ఆ దెబ్బకు విడిపోవచ్చు. జంట ఎంత వదులుగా ఉంటే విడిపోవడానిదే అంత పైచేయి. అప్పుడు కేంద్రకం ఎగిరే తీరు ఒంటి కణం తాకినప్పటిలా ఉండదు. 1934లో చాడ్విక్, గోల్డ్‌హేబర్ గామా కిరణాలతో డ్యూటెరాన్‌ని విడగొట్టిన కథ చదివావంటే ఇది సులువుగా ఎక్కుతుంది.

ఇక మీ గైడుని తప్పకుండా అడగాల్సింది: అసలు జంట ఏర్పడిందెలా? రెండు కణాలు ఎదురుపడినంత మాత్రాన అతుక్కోవు, మిగులు శక్తిని ఎవరో ఒకరు మోసుకుపోవాలి. న్యూట్రాన్, ప్రోటాన్ కలిసినప్పుడు గామా కిరణం ఆ పని చేస్తుంది. కృష్ణ పదార్థంలో అలాంటి తేలిక కణం ఉందా, లేక మూడో కణం సమయానికి వచ్చి పడాలా? మూడోదే కావాలంటే సాంద్రత బాగా ఉండాలి. జంటలున్నాయనుకుని మొదలయ్యే పేపర్ చేతికొస్తే ముందు ఈ లెక్క ఎక్కడుందో వెతుకు. కనబడకపోతే నేనైతే పక్కన పెట్టేస్తాను.

కాగితం మీద చేసింది ఫొటో తీసి పంపు. గ్రాఫులు తర్వాత చూద్దాం.

మీ అక్క