పరీక్షకు రాని పుస్తకం

ఎండాకాలం సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు జరిగిన చిన్న సంగతి ఇది. మాది బీదర్ జిల్లా నిర్ణా. తెలంగాణ సరిహద్దుకు దగ్గరి ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో ఉర్దూ కలిసిన మాట. ఒక మధ్యాహ్నం గోడకు ఆనుకొని యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ చదువుతున్నాను. నాయనమ్మ కందిపప్పులో రాళ్లు ఏరుతూ నా దిక్కు చూసి అడిగింది.

“గదేం బుక్కు బిడ్డా? పరీచ్చకొస్తదా?”

“వస్తది” అన్నాను.

రాదు. మన సిలబస్‌లో ఆ నవల లేదు. అయినా అబద్ధం తడుముకోకుండా వచ్చింది. పరీక్షకు వస్తుందంటే అది చదువు, రాదంటే పని ఎగ్గొట్టడం. నాకు ఆ లెక్క చిన్నప్పటినుంచే తెలుసు. అదే గదిలో మా తమ్ముడు పొద్దంతా ఫోన్లో క్రికెట్ చూస్తూ పడుకున్నాడు. వాణ్ని మాత్రం ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నాయనమ్మను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆమెను ఎవరూ బడికి పంపలేదు, నన్ను కాలేజీకి పంపమని మా నాయనతో కొట్లాడింది మాత్రం ఆమే. నన్ను వేధించింది నా అబద్ధమే. స్త్రీవాదం మీద పది మార్కుల జవాబు రాయగలిగే నేను, ఇష్టమై చదువుతున్నానని ఇంట్లో ఎందుకు చెప్పలేకపోయాను?

సెలవులయ్యాక లైబ్రరీలో దీని గురించే వెతికాను. నాకు అర్థమైనంత వరకు ఆడపిల్ల చదువుకు మన సమాజం ఒప్పుకున్నది ‘ఉపయోగం’ అనే షరతు మీద. పందొమ్మిదో శతాబ్దం చివర సంస్కర్తలు చెప్పిన కారణాలు చూడండి: చదువుకున్న తల్లి పిల్లల్ని బాగా పెంచుతుంది, పద్దు రాసుకుంటుంది, ఊరెళ్లిన భర్తకు ఉత్తరం రాస్తుంది. ఆ కాలంలో ఆ మాట చెప్పి తలుపు తెరిపించడమే పెద్ద పని, కాదనను. కానీ చదువుతుంటే ఆమెకు హాయిగా ఉంటుంది అన్న కారణం ఆ జాబితాలో కనిపించదు.

భండారు అచ్చమాంబ (1874–1905) కథ మనకు పాఠంలో ఉంది. పదేళ్లకే పెళ్లి. బడికి పోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే ఆయన దగ్గర నేర్చుకుంది. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ తెచ్చింది, 1902లో ‘ధనత్రయోదశి’, ‘స్త్రీవిద్య’ కథలు రాసింది. ఆ తమ్ముడే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లలో ఒకడు. అప్పుడు మా బీదరు కూడా నిజాం రాజ్యంలోదే, 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. అందుకని ఆ లైబ్రరీ పేరు చదివితే నాకు అది మా చుట్టాల ఇల్లులాగే అనిపిస్తుంది.

అచ్చమాంబ అక్షరాలు నేర్చుకున్న తీరు నాకు బాగా దగ్గరగా తోచింది. నేను పదో తరగతి దాకా కన్నడ మీడియం. తెలుగు లిపి నాకు బడిలో చెప్పలేదు. జహీరాబాదు బస్సుల బోర్డులు, గోడ మీది క్యాలెండరు, అగ్గిపెట్టె, ఇవే నా పెద్దబాలశిక్ష. కన్నడం తెలిసినవాళ్లకు ఇది పెద్ద కష్టం కాదు. రెండూ ఒకే పాత లిపి నుంచి విడిపోయినవే. కన్నడంలో తలకట్టు అడ్డగీతలాగా ఉంటుంది, తెలుగులో టిక్కు పెట్టినట్టు ఉంటుంది. ఆ సంగతి కనిపెట్టిన రోజు సగం అక్షరాలు వాటంతటవే తెలిసిపోయాయి. బస్సు బోర్డు మొదటిసారి గడగడా చదివినప్పటి సంతోషం ఏ పరీక్షకూ పనికిరాలేదు. ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇష్టంగా చదవడం కోసం నిజంగా పోరాడిన మనిషి ఎవరా అని చూస్తే బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) కనిపించింది. ఆమెది ఇప్పటి కర్ణాటకలోని నంజనగూడు. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి దగ్గర గుడి కట్టించిన గాయని అని సంగీతం వాళ్లకు తెలుసు. మనం మాత్రం ఆమెను పాఠకురాలిగా చూడాలి. దేవదాసీ కుటుంబంలో పుట్టింది. కన్నడం, తెలుగు, సంస్కృతం చదువుకుంది. ముద్దుపళని అనే కవయిత్రి ‘రాధికా సాంత్వనము’ రాసిందని చదివి, ఆ కావ్యం కోసం వెతికింది. ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కవయిత్రి. నాగరత్నమ్మకు మొదట దొరికిన అచ్చుప్రతి సరైంది కాదు. తర్వాత చేతిరాత ప్రతి సంపాదించి, రెండూ పక్కపక్కన పెట్టుకొని చూసింది. ముద్దుపళని తన గురించి చెప్పుకున్న పీఠిక పద్యాలూ, ఇంకొన్ని పద్యాలూ అచ్చులో వదిలేశారు. మొత్తం కావ్యాన్ని 1910లో వావిళ్ల వారి ద్వారా తానే పరిష్కరించి అచ్చు వేయించింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. మనం రెండు పుస్తకాలు పక్కన పెట్టుకొని ఎప్పుడు చూస్తాం? నోట్సులో తేడా వచ్చినప్పుడు. ఆమెకు మార్కులు లేవు, ఉద్యోగం లేదు, ఎవరూ అడగలేదు. కావ్యం అంత బాగుందని, అది రాసింది ఆడమనిషి అని, అందులోనూ తనలాంటి దేవదాసి అని ఆమె ముందుమాటలో రాసుకుంది. వీరేశలింగం పంతులు తన ‘ఆంధ్ర కవుల చరిత్రము’లో ముద్దుపళనిని దూషించాడు. ఆడది ఇలాంటి శృంగారం రాయడమేమిటన్నది ఆయన బాధ. నాగరత్నమ్మ సూటిగానే తిరగబడింది. సిగ్గూ ఔచిత్యమూ ఆడవాళ్లకేనా, మగకవులకు వర్తించవా అని అడిగింది. 1911లో ప్రభుత్వం పుస్తకం అశ్లీలమని తేల్చి ప్రతులు పట్టుకుంది. నిషేధం పోవడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. వావిళ్ల వారు మళ్లీ అచ్చు వేసింది 1952లో, ఆమె పోయిన ఏడాదే.

వీరేశలింగం ఆడపిల్లల బడులు పెట్టాడు, వితంతు వివాహాలు చేయించాడు. ఆయన తలుపు తెరిచాడు, లోపల ఏ పుస్తకం ముట్టుకోవాలో కూడా తానే చెప్పాలనుకున్నాడు. ఈ రెండు వాక్యాలూ ఒకే జవాబులో రాయడానికి మనకు కొంచెం ధైర్యం కావాలి. క్లాసులో ఎవరో ఒకరు “అయితే ఆయన మంచోడా కాదా?” అని అడుగుతారు. దానికి నా దగ్గర ఒక్క మాట జవాబు లేదు.

స్త్రీవాదం బయటినుంచి వచ్చిందనే మాట మా ఊళ్లోనూ వింటాను. మా జిల్లాలోనే బసవకల్యాణం ఉంది. పన్నెండో శతాబ్దంలో అక్కడ శరణుల మధ్య వచనాలు చెప్పిన ఆడవాళ్లు చాలామంది. అక్కమహాదేవి పేరు అందరికీ తెలుసు, నాకు మాత్రం ఆయ్దక్కి లక్కమ్మ ఇష్టం. భర్త మారయ్య రాలిన బియ్యం ఏరి తెచ్చేవాడు. ఒకరోజు అవసరానికి మించి తెచ్చాడు. ఆమె అతణ్ని మందలించి, ఎక్కువైనవి తీసుకెళ్లి అక్కడే పోసి రమ్మంది. కన్నడ పాఠంలో చదివినప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే, ఎంత చాలో చెప్పే అధికారం ఆ ఇంట్లో ఆమెకుందని తోస్తుంది.

మళ్లీ నా ‘సెక్రటరీ’ దగ్గరికి వస్తాను. అరవైలలో వచ్చిన నవల, 1976లో సినిమా కూడా అయింది. స్త్రీవాద పాఠం చదివాక దాన్ని ఇష్టపడొచ్చా అని నాకు అనుమానం వచ్చింది. ధనవంతుడైన రాజశేఖరం, ఆత్మాభిమానం గల జయంతి, చివరికి ఏమవుతుందో మొదటినుంచే తెలుసు. అతని అహంకారాన్ని అందం అనుకోమని నవల అడుగుతుంది. అక్కడ నాకు కోపం వచ్చింది. కానీ ఉద్యోగానికి వెళ్లే అమ్మాయి ఎదురు సమాధానం చెప్పే చోట్ల పేజీ గబగబా తిప్పాను. అద్దెకు పుస్తకాలిచ్చే షాపుల నుంచి తెచ్చుకొని, పొయ్యి దగ్గర దాచుకొని చదివిన ఒక తరం ఆడవాళ్లకు ఆ పేజీలే కావాల్సి వచ్చి ఉంటాయి. ‘నవలలు చదివి ఆడవాళ్లు చెడిపోతున్నారు’ అని వెక్కిరించినవాళ్లు ఏం భయపడ్డారో ఇప్పుడు తెలుస్తోంది. కోపం, ఇష్టం రెండూ ఒకే పుస్తకం మీద ఉండొచ్చు. ఇష్టాన్ని వదిలేస్తేనే స్త్రీవాదినని అనుకుంటే, నాయనమ్మ ప్రశ్ననే ఇంకో పేరుతో నన్ను నేను అడుగుతున్నట్టు.

అసలు కష్టం పుస్తకం దగ్గర లేదు, టైం దగ్గర ఉంది. అబ్బూరి ఛాయాదేవి (1933–2019) వృత్తిరీత్యా లైబ్రేరియన్, ‘తన మార్గం’ కథలకు 2005లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆమె ‘సుఖాంతం’ కథలో ఒక స్త్రీకి జీవితమంతా కావాల్సింది ఒక్కటే, కంటినిండా నిద్ర. చిన్నప్పటినుంచి ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు. అంతే కథ. మా అమ్మ తీరిగ్గా కూర్చోవడం నేను చూడలేదు. ఆమెకు ఈ కథ ఎలా ఉంటుందో తెలుసుకోవాలనిపించింది.

సెలవుల చివరి రోజు సాయంత్రం అమ్మ జొన్నరొట్టెలు కొడుతుంటే పక్కన కూర్చుని చదివాను. అమ్మకు తెలుగు అక్షరాలు రావు, కన్నడంలో సంతకం చేస్తుంది. కొన్ని మాటలు మా భాషలోకి మార్చి చెప్పాను. మొదట వినడం లేదనుకున్నాను, చేతులు వాటి పని చేస్తున్నాయి. మధ్యలో ఒక చోట రొట్టె పెంక మీద మాడింది. “గట్లనే చదువు” అంది. నాయనమ్మ కూడా దగ్గరికి జరిగింది. ఈసారి పరీక్ష సంగతి అడగలేదు. బస్సు టైం అవడంతో కథ సగంలో ఆగిపోయింది.

హాస్టలుకొచ్చిన నాలుగో రోజు అమ్మ ఫోన్ చేసింది. తిన్నావా, ఫీజు కట్టావా అన్నీ అయ్యాక, పెట్టేసే ముందు అడిగింది.

“గామె పండుకున్నదా లేదా?”

ముగింపు ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. దసరాకు వచ్చి చదువుతానన్నాను.