బల్ల మీద కంటైనర్ డిపో

రైలు నమూనా అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది గుండ్రంగా తిరిగే పట్టా, ఒక సొరంగం, ఒక చిన్న స్టేషను. రైలు తిరుగుతూ ఉంటుంది, చూసేవాళ్ళు రెండు చుట్లు చూసి పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోతారు. అందులో తప్పేమీ లేదు గాని, ఇంజనీరింగు చదివేవాళ్ళు చేయవలసిన నమూనా అది కాదని నా అభిప్రాయం. రైలు ఎందుకొచ్చింది, ఏం తెచ్చింది, తెచ్చినదాన్ని ఎవరు ఎలా దించుకుంటారు అనే ప్రశ్నలకు జవాబు చెప్పే నమూనా కావాలి. దానికి కంటైనర్ డిపోను మించిన వస్తువు నాకు కనిపించలేదు. ఒక డిపోను 1:87 నిష్పత్తిలో, అంటే హెచ్.ఓ. స్కేలులో, బల్ల మీదికి ఎలా తేవాలో, తెచ్చేటప్పుడు దేన్ని కుదించవచ్చో దేన్ని కుదించకూడదో ఇక్కడ వివరిస్తాను.

ముందు అసలు వస్తువు సంగతి కొంచెం. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ అనే లారీల యజమాని 58 పెట్టెలను ఓడ మీద పెట్టి న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. సరుకును మాటిమాటికీ దించి ఎక్కించే బదులు, సరుకున్న పెట్టెనే లారీ మీద నుంచి ఓడలోకి, ఓడ నుంచి రైలు మీదికి మార్చడం అతని ఆలోచన. మన దేశంలో ఓడరేవుకు దూరాన ఉండి కస్టమ్స్ పని కూడా అక్కడే ముగించే మొదటి డిపో 1981లో బెంగళూరులో వచ్చింది. 1988లో ఏర్పడిన కంటైనర్ కార్పొరేషన్ ఆ మరుసటి ఏడు రైల్వేల నుంచి 7 డిపోలు తీసుకొని పని మొదలుపెట్టింది. హైదరాబాదులో సనత్‌నగర్ డిపోను మన పాఠకులు కొందరైనా ప్రహరీ బయటినుంచి చూసే ఉంటారు. ప్రహరీ పైన రంగురంగుల పెట్టెలు కనిపిస్తాయి, లోపల జరిగేది కనిపించదు. నమూనాతో చూపించవలసింది ఆ కనిపించనిదే.

ఇక లెక్కలోకి వద్దాం. మన కంటైనర్ బండిలో 45 వ్యాగన్లు ఉంటాయి. వీటిని బీ.ఎల్.సీ. వ్యాగన్లు అంటారు. అయిదేసి కలిపి ఒక యూనిట్. ఒక్కో వ్యాగను మీద 20 అడుగుల పెట్టెలు రెండు గాని, 40 అడుగుల పెట్టె ఒకటి గాని పడుతుంది. ఇంజను కాకుండా బండి పొడవే 600 మీటర్లు దాటుతుంది. 87తో భాగిస్తే 7 మీటర్లు. ఏ హాస్టలు గదిలోనూ 7 మీటర్ల గోడ లేదు! కాబట్టి పొడవు కోయక తప్పదు. కోయడానికి రైల్వేవాళ్ళే మనకొక దారి చూపించారు. నిడివి చాలని డిపోల్లో బండిని రెండు ముక్కలు చేసి పక్కపక్క లైన్ల మీద నిలబెడతారు. దాన్ని 'హాఫ్ రేకు' లైను అంటారు. మన బల్ల మీద ఇంకాస్త తగ్గించి లైనుకు మూడు యూనిట్లు, అంటే 15 వ్యాగన్లు పెట్టుకోవచ్చు. ఒక యూనిట్ అటూ ఇటూగా 80 సెంటీమీటర్లు వస్తుంది. మూడింటికి రెండున్నర మీటర్ల లోపే సరిపోతుంది. చూసేవాడు వ్యాగన్లు లెక్కపెట్టడు. రెండు కొసలూ ఒకేసారి కంటికి ఆనకపోతే చాలు, వాడికది పొడుగు బండే.

వెడల్పు సంగతి వేరు. చాలామంది నమూనాకారులు ఇక్కడే దెబ్బతింటారు. పొడవు కోసిన చేత్తోనే వెడల్పూ కోసి, పట్టాల పక్కనే పెట్టెలు పేర్చి, వాటి మధ్య క్రేనును ఇరికిస్తారు. ఆ క్రేను నిజంగా బతికొస్తే ఒక్క పెట్టె కూడా తీయలేదు. పెట్టెలు ఎత్తడానికి డిపోల్లో ఎక్కువగా వాడేది రీచ్ స్టాకర్ అనే బండి. పొడుగాటి చెయ్యి చాచి పెట్టెను పైనుంచి పట్టి, అడ్డంగా ముందు పెట్టుకొని నడుస్తుంది. పెట్టె పొడవు 12.2 మీటర్లు. ఇరుకు సందులో నిచ్చెన అడ్డంగా పట్టుకొని తిరగబోయేవాడిని ఊహించుకోండి, దాని అవస్థ అర్థమవుతుంది. తిరగడానికి పట్టాలకూ పేర్పుకూ మధ్య 15 మీటర్ల ఖాళీ నేను లెక్క వేసుకున్నాను. బల్ల మీద అది 17 సెంటీమీటర్లు. ఏమీ లేని వట్టి కాంక్రీటు! బల్ల తయారవుతుండగా చూసిన ప్రతివాడూ "అక్కడ ఇంకో లైను వెయ్యొచ్చు గదండీ" అని సలహా ఇస్తాడు. వెయ్యకూడదు. డిపోకు ఆ ఖాళీయే ప్రాణం.

మొత్తం అడ్డుకొలత ఇలా వస్తుంది: రెండు లైన్లకు 10 మీటర్లు, స్టాకర్ తిరిగే జాగా 15, నాలుగు వరుసల పేర్పుకు 11, లారీల దారికి 8, వెరసి 44 మీటర్లు. 87తో భాగిస్తే అర మీటరు. అంటే రెండడుగుల పలక మీద వెడల్పును ఏమాత్రం కోయకుండా నిజమైన డిపో పట్టేస్తుంది, వెనక గోడౌను ముఖాన్ని అట్టతో నిలబెట్టడానికి కాస్త చోటు కూడా మిగులుతుంది. సివిలు విద్యార్థులకు ఇది నమూనా లెక్క మాత్రమే కాదు. రేపు నిజం డిపో గీయవలసి వచ్చినా లెక్క ఇదే. అక్కడ మూడు మీటర్లు తగ్గిస్తే స్టాకరు ఒక్క మలుపుకు బదులు మూడు మలుపులు తిరుగుతుంది, లారీ ఆలస్యమవుతుంది, గేటు బయట బారు పెరుగుతుంది. కాగితం మీద కనపడని ఈ గొలుసు బల్ల మీద చేత్తో బండిని తిప్పి చూస్తే నిమిషంలో బోధపడుతుంది.

గేజు విషయంలో చిన్న పేచీ ఉంది. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. బజార్లో దొరికే హెచ్.ఓ. పట్టా 16.5 మిల్లీమీటర్లు, అది 1435 గేజుకు సరిపోయేది. మనకు కావలసింది 19.3. పట్టుదల ఉన్నవాళ్ళు సొంతంగా పట్టా వేసుకోవచ్చు. నేను మాత్రం దొరికిన పట్టాతోనే సరిపెట్టుకోమంటాను, ఎందుకంటే డిపో లోపల పట్టాలను చాలాచోట్ల కాంక్రీటులో ముంచేస్తారు. ఆ మూడు మిల్లీమీటర్లు ఎవరి కంటా పడవు. చక్రాల దగ్గర అదృష్టం మనవైపుంది. బీ.ఎల్.సీ. చక్రం వ్యాసం 840 మిల్లీమీటర్లు, అమెరికా సరుకు వ్యాగన్లలో మామూలుగా కనిపించే 33 అంగుళాల చక్రం 838. నమూనాల దుకాణంలో ఆ చక్రాలే అడగండి.

అమెరికా పేరెత్తాం గనుక ఇంకో మాట. అక్కడి నమూనాల్లో పెట్టె మీద పెట్టె పెట్టిన డబుల్ స్టాక్ బండ్లు చాలా అందంగా ఉంటాయి. గుంటలాంటి వ్యాగన్లలో కింది పెట్టెను దించి, పైన రెండోది పెడతారు; 1977లో సదరన్ పసిఫిక్ రైల్వే ఇలాంటి వ్యాగన్‌తో మొదలుపెట్టింది. అది చూసి మనవాళ్ళూ ముచ్చటపడతారు. కాని లెక్క చూడండి. మన వ్యాగను అరుగు నేలకు 1009 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. దాని మీద 8 అడుగుల 6 అంగుళాల పెట్టెలు రెండు పెడితే దాదాపు 6.2 మీటర్లు అవుతుంది. మన మామూలు విద్యుత్ లైన్ల తీగ ఇంచుమించు 5.5 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఏం జరుగుతుందో ఎలక్ట్రికల్ మిత్రులను అడగండి! మన దేశంలో కూడా డబుల్ స్టాక్ ఉంది; 2006లో పిపావావ్ రేవు వైపు డీజిలుతో మొదలైంది, 2021 నుంచి పడమటి సరుకు కారిడార్‌లో ఎత్తైన తీగ కింద కరెంటు ఇంజనుతో నడుస్తోంది. ఆ కారిడార్ నమూనా చేస్తే దర్జాగా పెట్టండి. హైదరాబాదు డిపో చేసి పెడితే అబద్ధం.

తీగ గురించే మరొకటి. పెట్టెను పైకి ఎత్తే లైను మీద తీగ ఉండకూడదు. కరెంటు స్తంభాలు యార్డు మెడ దగ్గరే ఆగిపోవాలి, అక్కడినుంచి డీజిలు ఇంజను బండిని లోపలికి నెట్టాలి. ఈ ఒక్కటి పాటిస్తే చాలు, తెలిసినవాళ్ళు మీ బల్ల ముందు ఆగిపోతారు.

పెట్టెలు కొననక్కర్లేదు. వడ్రంగి దగ్గర మిగిలిన చెక్క చాలు. 40 అడుగుల పెట్టె మన స్కేలులో 140 మిల్లీమీటర్ల పొడవు, 28 వెడల్పు, 30 ఎత్తు. ఎత్తు రకమైతే 33. పైన డ్రాయింగు షీటు అతికించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో 3 మిల్లీమీటర్లకొక గీత నొక్కితే రేకు ముడతలు వస్తాయి. ఇక 20 అడుగుల పెట్టె. ఇది 40లో సరిగ్గా సగం కాదు. రెండు కలిపి 40 జాగాలో కూర్చోవడానికి మధ్యలో 76 మిల్లీమీటర్ల సందు వదిలి ప్రమాణం నిర్ణయించారు. బల్ల మీద ఆ సందు మిల్లీమీటరు కన్నా తక్కువ, అయినా ఉండాలి. లేకపోతే రెండూ అతికించిన ఒకే పెట్టెలా కనిపిస్తాయి. రంగులు కలగాపులగంగా వేయండి: మెర్‌స్క్ బూడిద, ఎవర్‌గ్రీన్ ఆకుపచ్చ, హపాగ్ లాయిడ్ నారింజ. ఖాళీ పెట్టెలను ఎత్తుగా, సరుకున్నవాటిని తక్కువ ఎత్తులో పేర్చాలి. శీతల పెట్టెలను కరెంటు ప్లగ్గు అందేచోట విడిగా పెట్టాలి.

నంబర్ల దగ్గర మన లెక్కల వాళ్ళకు పని ఉంది. ప్రతి పెట్టెకూ నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర గడిలో ఒక పరీక్షాంకం ఉంటాయి. ఆ చివరి అంకె ఇష్టమొచ్చినట్టు వేసేది కాదు. ఏ అక్షరానికి 10, బీకి 12, సీకి 13, ఇలా 11తో నిశ్శేషంగా పోయే సంఖ్యలను వదిలేస్తూ విలువలిచ్చి, మొదటి స్థానాన్ని 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 4తో, అలా రెట్టింపు చేస్తూ పదోదాన్ని 512తో గుణించి కూడాలి. మొత్తాన్ని 11తో భాగిస్తే మిగిలిన శేషమే పరీక్షాంకం. శేషం 10 వస్తే సున్న వేస్తారు. ఉదాహరణకు సీ, ఎస్, క్యూ, యూ, 305438 తీసుకోండి. అక్షరాల విలువలు 13, 30, 28, 32. మొత్తం 6185, శేషం 3. గుమాస్తా ఒక్క అంకె తప్పు రాసినా ఇది దాదాపు ఎప్పుడూ పట్టిస్తుంది. మన స్కేలులో ఈ అక్షరాల ఎత్తు ఒక మిల్లీమీటరు పైచిలుకే. అయినా సరైన నంబరే వేయండి. భూతద్దం తెచ్చుకునే ప్రేక్షకుడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు.

చివరగా లారీలు. ట్రైలరు మీద పెట్టె తలుపులు ఎప్పుడూ వెనక్కే ఉండాలి, లేకపోతే గోడౌను దగ్గర సరుకు దించడం కుదరదు. గేటు దగ్గర కాగితాలు చూసే గది, పెట్టె చుట్టూ తిరిగి సొట్టలు రాసుకునే మనిషి, పక్కన టీ బండి, దాని దగ్గర లుంగీలో డ్రైవర్లు ఇద్దరు ముగ్గురు. మనిషి ఎత్తు 20 మిల్లీమీటర్లకు మించనివ్వకండి. ట్రైలరు ఒక్కొక్కటీ 18 సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది గనుక బారు మొత్తం బల్ల మీద పట్టదు. నాలుగింటిని వరసగా నిలబెట్టి, అయిదోదాన్ని బల్ల అంచు దగ్గర సగానికి కోసి పెట్టండి. ముందు భాగం చాలు, వెనక సగం చేయనక్కర్లేదు.